మంచునది మీదికి హెలికాప్టర్‌లో

విశాఖపట్నంలో ట్రెక్కింగ్ మిత్రుల సమావేశంలో ఒక విశ్రాంత భూగోళ శాస్త్ర అధ్యాపకురాలు చేసిన ప్రసంగం ఇది. ఆ రోజు రాలేకపోయినవాళ్ళు అడిగారని రికార్డింగ్ విని టైపు చేశాం. తడబాట్లు మాత్రం తీసేశాం, మిగతాదంతా ఆవిడ మాటే.

అందరికీ నమస్కారం. వెనకాల కూర్చున్నవాళ్ళకి వినబడుతోందా? ఆ ఫ్యాను కొంచెం తగ్గించండి బాబూ, మైకులో నా మాట కన్నా గాలి ఎక్కువ వినిపిస్తోంది. ఆ, ఇప్పుడు బాగుంది.

మీ సెక్రటరీ గారు ఫోన్ చేసి, "మేడమ్, న్యూజిలాండ్‌లో హెలికాప్టర్ ఎక్కారట కదా, మావాళ్ళకి చెప్పండి" అన్నారు. చెప్తాను. కానీ హెలికాప్టర్ గురించి చెప్పడానికి నిజానికి పెద్దగా ఏమీ లేదండీ. ఎక్కాం, కొద్ది నిమిషాల్లో దిగాం. మా మనవడు తీసిన వీడియో అయిపోయేలోపే ప్రయాణం అయిపోయింది. చెప్పాల్సిందంతా ఎక్కకముందు ఉంది, దిగాక ఉంది. ఇంకా చెప్పాలంటే, ఎక్కనివ్వకపోవడంలో ఉంది. అవును, ఎక్కనివ్వకపోవడంలో. అక్కడికి వస్తాను.

ముందు ఊరెక్కడో చెప్పాలి. పాత అలవాటు, మ్యాపు లేకుండా పాఠం మొదలుపెట్టలేను. న్యూజిలాండ్ అంటే ప్రధానంగా రెండు దీవులు. దక్షిణ దీవికి నిలువునా సదరన్ ఆల్ప్స్ అనే పర్వతాల వరస ఉంటుంది. అందులో ఎత్తయినది ఆవొరాకి, మౌంట్ కుక్ అని కూడా అంటారు, 3,724 మీటర్లు. ఈ కొండలకి పడమటి పక్క టాస్మన్ సముద్రం. కొండకీ సముద్రానికీ మధ్య పాతిక కిలోమీటర్లు కూడా ఉండదు చాలాచోట్ల. ఆ సన్నటి జాగాలో రెండు హిమానీనదాలు, అంటే మెల్లగా కదిలే మంచునదులు, కిందికి దిగుతాయి. ఒకటి ఫ్రాంజ్ జోసెఫ్, ఒకటి ఫాక్స్. వాటి పేర్లతోనే రెండు చిన్న ఊళ్ళు. మా అమ్మాయి వాళ్ళుండేది క్రైస్ట్‌చర్చ్‌లో, అంటే కొండలకి తూర్పు పక్క. అక్కణ్ణుంచి ఆర్థర్స్ పాస్ కనుమ దాటి కారులో ఐదారు గంటలు.

ఫ్రాంజ్ జోసెఫ్ ఎవరు? ఆస్ట్రియా చక్రవర్తి. ఆయన ఎప్పుడైనా అక్కడికి వెళ్ళాడా? లేదు. 1865లో జూలియస్ వాన్ హాస్ట్ అనే జర్మన్ భూగర్భ శాస్త్రవేత్త వచ్చి, చూసి, ఆయన పేరు పెట్టేశాడు. అంతకుముందే అక్కడి ఆదివాసులైన మావోరీలకి దానికో పేరుంది, దాని వెనక ఒక కథా ఉంది. హినే హుకతెరె అనే అమ్మాయికి కొండలెక్కడం ఇష్టం. ప్రియుణ్ణి బతిమాలి వెంట తీసుకెళ్ళింది. మంచు విరిగిపడి అతను పోయాడు. ఆ పిల్ల ఏడ్చిన ఏడుపు గడ్డకట్టి ఈ నది అయింది. 1998 నుంచి అధికారిక పేరులో రెండూ కలిపి రాస్తున్నారు. ఇవాళ అక్కడ మనల్ని పైకి తీసుకెళ్ళే గైడ్ల సంస్థ కూడా ఆ ప్రాంతపు నైతాహు తెగవాళ్ళదే.

సరే, అసలు విషయం. మనలో ఎవరైనా గంగోత్రి దాటి గోముఖ్ దాకా వెళ్ళారా? చేతులెత్తండి. ఇద్దరు, ముగ్గురు... బాగుంది. గోముఖ్ ఎంత ఎత్తు? దాదాపు 4,000 మీటర్లు. అంత ఎత్తుకి పోతే తప్ప మనకి హిమానీనదం కనపడదు. పైగా తలనొప్పి, ఆయాసం, నిద్ర పట్టకపోవడం. మరి ఈ ఫ్రాంజ్ జోసెఫ్ మూతి, అంటే ఐసు ఆగిపోయే చోటు, కొన్నేళ్ళ కిందటి దాకా ఎంత ఎత్తులో ఉండేదో తెలుసా? సముద్ర మట్టానికి 300 మీటర్లు. మన సింహాచలం కొండ ఎత్తు! అరకు దానికి మూడింతలు ఎత్తు. అరకు కన్నా కిందికి హిమానీనదం దిగి వస్తోందంటే నేను ముప్పై ఏళ్ళు పాఠం చెప్పాను కానీ, కళ్ళారా చూసేదాకా నాకే పూర్తిగా నమ్మకం కలగలేదు. పక్కన చూస్తే పచ్చటి అడవి. ఫెర్న్ చెట్లు మనిషికి రెండింతలు ఎత్తు. ఆ ఆకుల సందులోంచి చూస్తే ఐసు.

ఇదెలా సాధ్యం? విద్యార్థులు ఎవరైనా ఉన్నారా ఇక్కడ? నైరుతి రుతుపవనాలు వచ్చి పడమటి కనుమలకి కొట్టుకుంటే మంగళూరులో ఏమవుతుంది? కుంభవృష్టి. కనుమలకి ఇవతల రాయలసీమలో? ఎండ. అదే సూత్రం. అక్కడ ఏడాది పొడుగునా పడమటి గాలులు సముద్రం మీంచి తడి మోసుకొచ్చి నేరుగా మూడు వేల మీటర్ల కొండకి కొడతాయి. ఫ్రాంజ్ జోసెఫ్ ఊళ్ళో ఏడాదికి సుమారు 5 మీటర్ల వాన. మీటర్లండీ, మిల్లీమీటర్లు కాదు. మన విశాఖలో ఎంత? ఒక మీటరు, కొంచెం అటూ ఇటూ. ఊళ్ళో అంత వానైతే పైన ఎంత మంచు పడుతుందో చూసుకోండి. ఆ పడ్డ మంచంతా పైన వెడల్పాటి మైదానంలో పోగవుతుంది. దిగడానికి మాత్రం ఒకటే సన్నని, నిటారు లోయ. కాబట్టి ఐసు కరిగే లోపే కిందికి తోసుకొచ్చేస్తుంది. వేగం ఎంతంటే, 1943లో ఒక చిన్న విమానం ఆ ఐసు మీద కూలింది. ఆరున్నరేళ్ళ తర్వాత దాని శకలాలు మూడున్నర కిలోమీటర్లకి పైగా కింద తేలాయి. లెక్క వేసుకోండి, రోజుకి మీటరున్నర. హిమానీనదానికి అది పరుగు.

ఇంకొకటి కూడా చెప్పాలి, లేకపోతే నాకు నిద్ర పట్టదు. ఆ ఊరి మధ్యలోంచే ఆల్పైన్ ఫాల్ట్ అనే భూపటలపు చీలిక పోతుంది, అది కదిలితే పెద్ద భూకంపమే. చివరిసారి పెద్దగా కదిలింది 1717 ప్రాంతంలో. వచ్చే 50 ఏళ్ళలో మళ్ళీ కదిలే అవకాశం నూటికి 75 పాళ్ళు అంటున్నారు శాస్త్రవేత్తలు. అలాంటి ఊళ్ళో రాత్రి పడుకున్నాం. మా అల్లుడుగారు నాకీ సంగతి ముందు చెప్పొద్దన్నారట మా అమ్మాయితో. నాకు చెప్పకపోవడమేమిటి, నేను దాని మీద పరీక్ష పేపర్లు దిద్దినదాన్ని!

ఇప్పుడు, హెలికాప్టర్ ఎందుకు?

చాలామంది ఏమనుకుంటారంటే, డబ్బున్నవాళ్ళ సరదా, నడవలేనివాళ్ళ షోకు అని. నేనూ టికెట్ ధర చూసి అలాగే అన్నాను. కానీ 2012 దాకా జనం ఊళ్ళోంచి లోయ వెంట నడిచి, గైడు వెనకాల నేరుగా ఐసు ఎక్కేవాళ్ళు. హెలికాప్టర్ అక్కర్లేదు. 2012లో అది ఆపేశారు. పక్కనున్న ఫాక్స్ మీదికి 2014లో ఆపేశారు. ఎందుకు? ఐసు వెనక్కి తగ్గింది, పల్చబడింది, మూతి దగ్గర కూలుతోంది. పక్కనున్న కొండ చరియలకి ఇన్నాళ్ళూ ఐసే ఆసరా. ఆ ఆసరా పోయేసరికి రాళ్ళు పడటం మొదలైంది. కింద నుంచి ఎక్కే దారే లేకుండా పోయింది. పైన మాత్రం ఇంకా మందమైన, నడవదగిన ఐసు ఉంది. దాని మీదికి పోవాలంటే గాల్లోంచి దిగడం ఒక్కటే మార్గం. మనం ఎక్కే హెలికాప్టర్, ఉన్న దారి మూసుకుపోయినందుకు వచ్చినది.

అక్కడొక చర్చి ఉంది, సెయింట్ జేమ్స్ అని, 1931లో కట్టారు. పూజావేదిక వెనక గోడ ఉండాల్సిన చోట పెద్ద కిటికీ పెట్టారు. ఎందుకంటే అందులోంచి హిమానీనదం కనిపించేది. 1946లో యుద్ధం ముగిసి శాంతి వచ్చిన సందర్భంగా ఆ దృశ్యాన్ని తపాలా బిళ్ళ మీద వేశారు. 1954 నాటికి ఐసు వెనక్కి పోయి కిటికీలోంచి కనపడటం మానేసింది. కట్టి పాతికేళ్ళు కూడా కాలేదు! తపాలా బిళ్ళలో ఉంది, కిటికీలో లేదు. నేను ఆ కిటికీ ముందు నిలబడి చూశాను. అడవి, మబ్బు. అంతే.

అయితే ఇది సరళరేఖలో తగ్గిపోయిందనుకోకండి. ఇక్కడ జాగ్రత్తగా మాట్లాడాలి. 1983 నుంచి 2008 దాకా మధ్యమధ్యలో ఆగుతూ ఈ హిమానీనదం ముందుకి వచ్చింది. అవును, ముందుకే. ప్రపంచమంతా వేడెక్కుతుంటే ఇది పెరిగింది. దాన్ని పట్టుకుని, "చూశారా, వేడెక్కడం అబద్ధం" అన్నవాళ్ళున్నారు. 2017లో వచ్చిన పరిశోధన ఏం చెప్పిందంటే, ఆ కొద్దికాలం ఆ ప్రాంతపు సముద్రం మీద, గాలిలో చల్లదనం వచ్చింది, అందువల్ల ఆ దేశంలో కనీసం 58 హిమానీనదాలు పెరిగాయి అని. 2008 తర్వాత మళ్ళీ వెనక్కి మళ్ళింది. కిలోమీటరుకు పైగా పోయింది. ఇంత నిటారుగా, ఇంత వేగంగా ఉండే నది వాతావరణం మారితే చాలా త్వరగా చెప్పేస్తుంది. పెద్ద పెద్ద హిమానీనదాలు వందేళ్ళకి చెప్పేది ఇది కొన్నేళ్ళలోనే చెప్తుంది.

మీలో కొందరి మొహాలు చూస్తూనే ఉన్నాను. "ఐసు కరిగిపోతోందంటూ పెట్రోలు తగలేసి చూడ్డానికి వెళ్ళారా మేడమ్?" అని. అడగండి, తప్పులేదు. నా దగ్గర దానికి మంచి జవాబు లేదు. ఆ కొద్ది నిమిషాల హెలికాప్టర్ కంటే విశాఖ నుంచి క్రైస్ట్‌చర్చ్‌కి పోయిన విమానం ఎన్నో రెట్లు ఎక్కువ తగలేసింది. కూతురు అంత దూరంలో ఉంటే ఆ ప్రయాణం మానను. మానలేను. హెలికాప్టర్ చప్పుడు చేస్తుంది కాబట్టి తిట్లు అది తింటుంది.

సరే, ఇప్పుడు ఎక్కనివ్వకపోవడం గురించి.

మాకు మొదటి రోజు టికెట్ ఉంది. పొద్దున్నే లేచి, స్నానాలు చేసి, నేను రాత్రే చేసి పెట్టిన పులిహోర డబ్బాల్లో సర్దుకుని వెళ్ళాం. ఊళ్ళో మంచి ఎండ. ఆకాశం నీలంగా ఉంది. కౌంటరు దగ్గర అమ్మాయి చాలా మర్యాదగా, "ఇవాళ మీ ట్రిప్ రద్దయింది" అంది. అదేమిటి, ఎండ కాస్తోందిగా? పైన మబ్బు దిగింది అంది. ఊరు వేరు, పైన వేరు. లోయలో పది నిమిషాల్లో మబ్బు కమ్మేస్తుంది. పైలట్‌కి తెల్లటి ఐసు, తెల్లటి మబ్బు రెండూ కలిసిపోయి నేలెక్కడుందో తెలియదు. దించడం ఒక ఎత్తు. దించాక మబ్బు వస్తే మళ్ళీ తీసుకురావడం ఇంకో ఎత్తు.

మా వెనకాల ఒకాయన గొడవ మొదలుపెట్టాడు. రేపు పొద్దున ఫ్లైట్ ఉంది, ఇంత దూరం వచ్చాం, ఎండ కనపడటం లేదా అని గట్టిగా. ఆ అమ్మాయి అదే గొంతుతో అదే మాట చెప్పింది. డబ్బు వెనక్కి ఇస్తాం, లేదా రేపటికి మారుస్తాం. మూడుసార్లు అదే. కంపెనీకి అది నష్టమే కదా? ఆ రోజు ఎన్ని ట్రిప్పులు పోయుంటాయి? అయినా సరే, వద్దంటే వద్దు.

నాకు ఆ గట్టిదనం ఎందుకొచ్చిందో ముందే తెలుసు, చదువుకున్నాను. 2015 నవంబరు 21న ఫాక్స్ హిమానీనదం మీద ఒక హెలికాప్టర్ కూలింది. పైలట్, ఆరుగురు ప్రయాణికులు, ఏడుగురూ పోయారు. ఐసు మీద నడక ట్రిప్ కాదు అది, పైన దిగి చూసి వచ్చే విహారం. ఆ రోజు వాతావరణం అలాంటి ప్రయాణానికి తగినట్టు లేదని విచారణలో తేలింది. అంటే ఆ రోజు ఎవరో ఒకరు వద్దు అని ఉండాల్సింది. అందుకని నేనేమంటానంటే, మనం కట్టే డబ్బులో పెద్ద వాటా హెలికాప్టర్‌కి కాదు. వద్దు అని చెప్పగలిగే మనిషికి. అలా చెప్పనివాళ్ళ దగ్గర చవకగా దొరికినా ఎక్కకండి. ఇది నేపాల్‌కైనా అంతే, కేదార్‌నాథ్‌కైనా అంతే. కేదార్‌నాథ్ హెలికాప్టర్లు మనవాళ్ళు ఎంతమంది ఎక్కుతున్నారో మీకు నాకన్నా బాగా తెలుసు.

మర్నాడు కుదిరింది. ఊళ్ళో చిన్న మబ్బుంది, పైన తెరిపిచ్చింది. ముందురోజుకి సరిగ్గా తలకిందులు!

వెళ్ళగానే ఫారం నింపాలి. ఏం జబ్బులున్నాయి, మందులేం వాడతారు. నిజం రాయండమ్మా. బీపీ ఉందని రాస్తే పంపరేమోనని దాచేస్తాం మనం. రాశాను, పంపారు. తర్వాత తూకం. బట్టలతో, బూట్లతో, సంచితో సహా నిలబెట్టి తూస్తారు. ఎందుకు? హెలికాప్టర్‌లో ఎవరు ముందు, ఎవరు వెనక, ఎవరు ఏ పక్క అనేది ఆ బరువు చూసే నిర్ణయిస్తారు. కుటుంబమంతా పక్కపక్కన కూర్చుంటామంటే కుదరదు. మా ఇంట్లో ఇది పెద్ద సమస్య అయిపోయింది. అత్తగారి ముందు అల్లుడు, అల్లుడి ముందు అత్తగారు తూకం ఎక్కడమంటే మాటలా? అదృష్టం, అంకె పైకి చదవరు, కాగితం మీద రాసుకుంటారంతే. నాకు ముందు సీటు వచ్చింది. ఎందుకు వచ్చిందో మీరు అడక్కండి, నేను చెప్పను.

తర్వాత బట్టలు. చీరతో వెళ్ళొచ్చా అని నన్ను ఇప్పటికే ఇద్దరడిగారు. కుదరదు. నేనూ లోపల మందపాటి ప్యాంటే వేసుకున్నాను. జీన్సు కూడా వద్దంటారు, ఎందుకంటే నూలు బట్ట తడిస్తే ఆరదు, ఒళ్ళంతా చలి పట్టేస్తుంది. ఉన్ని గానీ, సింథటిక్ గానీ వేసుకోవాలి. పైన వేసుకునే వాటర్‌ప్రూఫ్ కోటు, ప్యాంటు, బూట్లు, గ్లౌజులు వాళ్ళే ఇస్తారు. బూట్లు తోలువి, బరువు, చీలమండ దాటి వస్తాయి. లేసులు నేను కట్టుకుంటే గైడు వచ్చి విప్పేసింది. మోకాళ్ళ మీద కూర్చుని, కింద నుంచి ఒక్కో మెలికా లాగి బిగించి మళ్ళీ కట్టింది. మడమ లోపల కదిలితే ఐసు మీద కాలు మడత పడుతుందట. పన్నెండు మందికి అలా తనే చూసింది. నాకైతే సిగ్గేసింది, కాళ్ళు పట్టుకుంటుంటే. వాళ్ళకి అదేం లేదు.

హెలికాప్టర్ దగ్గరికి పోవడానికి కొన్ని నియమాలు చెప్తారు, మీరు ట్రెక్కింగ్ చేసేవాళ్ళు కాబట్టి గుర్తుపెట్టుకోండి, ఎక్కడైనా పనికొస్తాయి. ఎప్పుడూ ముందు వైపు నుంచే, పైలట్ కళ్ళకి కనపడేటట్టు పోవాలి. తోక వైపు అసలు పోకూడదు. అక్కడ తిరిగే చిన్న రెక్కలు కంటికి ఆనవు. టోపీ, కండువా ఏదైనా చేతిలో గట్టిగా పట్టుకోవాలి. ఎగిరిపోయినా దాని వెంట పరిగెత్తకూడదు. చెయ్యి పైకెత్తకూడదు. ఏటవాలు నేల మీద దిగితే ఎగువ వైపుకి నడవకూడదు, ఎందుకంటే అటు నేల లేస్తుంది, రెక్కలకీ తలకీ మధ్య దూరం తగ్గిపోతుంది. ఎవరైనా చెప్తేగానీ తట్టదు కదా ఇది?

ఎక్కాం. కింద వైహో నది బూడిద రంగులో. ఐసు రాతిని రుద్దిన పొడి కలిసి నీళ్ళకి ఆ రంగు. 2019 మార్చిలో వచ్చిన వానకి ఆ నది మీది రోడ్డు వంతెనే కొట్టుకుపోయింది. అడవి అయిపోయింది, బండరాళ్ళు అయిపోయాయి, ఐసు మొదలైంది. పగుళ్ళు, దిమ్మెలు, నీలం గుంటలు. "అమ్మా, ఏడుస్తున్నావా?" అని హెడ్‌ఫోన్‌లో మా అమ్మాయి. ఇంజన్ చప్పుడుకి కళ్ళు నీళ్ళు తిరుగుతున్నాయన్నాను. దిగాం.

దిగే చోటు కూడా ఊరికే రాలేదు. ఐసుని గైడ్లు గొడ్డళ్ళతో చెక్కి చదును చేస్తారు. అది కరుగుతుంది, కదులుతుంది. మళ్ళీ చెక్కాలి. హెలికాప్టర్ వెళ్ళిపోయాక ఒక్కసారి చెవులు గింగురుమన్నాయి. ఆ తర్వాత నీళ్ళ చప్పుడు వినబడింది. పైన, కింద, కాళ్ళ అడుగున, అన్నిచోట్లా నీళ్ళు పారుతున్నాయి. హిమానీనదం గడ్డకట్టి నిశ్శబ్దంగా ఉంటుందని క్లాసులో చెప్పినవాళ్ళెవరైనా ఉంటే పట్టుకురండి నా దగ్గరికి.

బూట్లకి క్రాంపాన్లు తగిలించారు. ఇనప ముళ్ళ చట్రాలు, అడుగుకి అతుక్కుని ఉంటాయి. నడక నేర్పారు. మడమ ముందు, వేళ్ళు తర్వాత అని మనం నడిచే పద్ధతి పనికిరాదు. పాదమంతా ఒకేసారి ఆనించాలి, కాళ్ళు ఎడంగా పెట్టాలి, ప్రతి అడుగూ ఎత్తి వేయాలి. దమ్ము చేసిన చేలో నడవడం వచ్చినవాళ్ళకి ఐదు నిమిషాల్లో వచ్చేస్తుంది. మాది గోదావరి జిల్లా. చిన్నప్పుడు అదే పని. మా అల్లుడుగారు హైదరాబాదులో పుట్టి పెరిగినవాళ్ళు, కాసేపు కష్టపడ్డారు.

ఇక గైడు. పాతికేళ్ళుంటాయేమో ఆ పిల్లకి. భుజాన తాడు, వీపున సంచి, చేతిలో పొడుగు పిడి గొడ్డలి. తను ముందు, మేం వెనక ఒకే వరసలో. తను మెట్లు కొడుతుంటే మేం నిలబడాలి. ఆ మెట్టు ఎలా కొడుతుందో దగ్గర నుంచి చూశాను. మొదట అడ్డంగా రెండు దెబ్బలు, గాటు పడుతుంది. తర్వాత పైనుంచి కిందికి చెక్కుతుంది, ముక్కలు ఎగిరి లోయలోకి దొర్లిపోతాయి. చివర్లో గొడ్డలి వెడల్పు పక్కతో గీకి, మెట్టు కొంచెం లోపలి వైపుకి వాలేలా చేస్తుంది. బయటికి వాలితే జారతాం. బూటు పెట్టి చూసి, ఇంకో గీకు గీకి, అప్పుడు రమ్మంటుంది. నిన్న కొట్టిన మెట్లు ఏమయ్యాయి అని అడిగాను. చూపించింది. గుండ్రంగా కరిగిపోయి, నున్నగా మెరుస్తున్నాయి. రోజూ మొదటి ట్రిప్ కన్నా ముందే కొందరు గైడ్లు పైకి వచ్చి దారి వేస్తారట. సాయంత్రానికి పాడవుతుంది. మర్నాడు మళ్ళీ. ఏడాదంతా.

నీలం గురించి చెప్పకపోతే ఊరుకోరు మీరు. ఫొటోల్లో చూసి రంగు వేశారనుకుంటారు. నెర్రె ఒకటుంది, రెండు చేతులు చాపినంత వెడల్పు. అంచు దగ్గర ఒక్కొక్కరినే నిలబెట్టి, తను మన కోటు పట్టుకుని, తొంగి చూడనిచ్చింది. పైన తెలుపు. మీటరు కింద లేత నీలం. ఇంకా కింద, ఇంకులో ముంచినంత నీలం. ఆ కింద నలుపు. కారణం తెలిసినదే. కొత్తగా పడ్డ మంచులో గాలి ఎక్కువ, వెలుతురంతా తిప్పికొడుతుంది, అందుకే తెల్లగా కనిపిస్తుంది. ఏళ్ళ తరబడి బరువుకి అణిగితే గాలి బుడగలు పోతాయి. అప్పుడు వెలుతురు లోపలికి దూరుతుంది. దూరినంత దూరం ఐసు ఎరుపుని తినేస్తుంది, నీలం మిగులుతుంది. మందం ఎక్కువైన కొద్దీ నీలం ముదురుతుంది. ఎండ కన్నా మబ్బు రోజున బాగా కనిపిస్తుంది కూడా. కారణం తెలిసినా, తెలియకపోయినా, అక్కడ ఎవరూ కాసేపు మాట్లాడలేదు. ఒక్క కియా చిలక తప్ప. కొండ చిలక అది, ముదురాకు రంగు, రెక్కల కింద నారింజ. వచ్చి మా గైడు సంచి జిప్పు పీకడం మొదలెట్టింది. కార్ల రబ్బరు కూడా పీకి పడేస్తాయట.

ఇప్పుడు మళ్ళీ ఆ వద్దు దగ్గరికి వస్తున్నాను. కొంచెం దూరం పోయాక ఐసులో ఒక సొరంగం వచ్చింది. వంగి దూరితే అవతల తేలొచ్చు. అందరూ దాని కోసమే వచ్చారు, ఫొటోలన్నిట్లో ఉండేది అదే. గైడు మమ్మల్ని ఆపి, ఒక్కతే వెళ్ళింది. గొడ్డలి పిడితో పైకప్పుని అక్కడక్కడా తట్టింది. తల పక్కకి పెట్టి విన్నది. బయటికి వచ్చి పైకెక్కి, పైనుంచి కూడా చూసింది. దిగి వచ్చి, "ఇవాళ దీంట్లోంచి వెళ్ళం" అంది. నిన్న వెళ్ళారు కదా అన్నారెవరో. నిన్న వెళ్ళాం అంది. అంతే. ఇంకో మాట లేదు. గొడ్డలి తీసి పక్కన కొత్త మెట్లు కొట్టడం మొదలుపెట్టింది. పావుగంట నిలబడ్డాం చలిలో. కొందరు గొణిగారు.

నేను గొణగలేదండీ. 2009 జనవరిలో ఫాక్స్ మూతి దగ్గర ఇద్దరు అన్నదమ్ములు తాడు దాటి ముందుకి వెళ్ళారు, ఐసు దగ్గర ఫొటో కోసం. ఆ ఐసు కూలి ఇద్దరూ పోయారు. వాళ్ళకి గైడు లేడు, బోర్డు ఉంది. బోర్డు వద్దని రాస్తుంది కానీ మన చెయ్యి పట్టుకుని ఆపదు కదా.

పైన రెండున్నర, మూడు గంటలు ఉంటాం. ఓ చోట పెద్ద ప్లాస్టిక్ పీపాలు కట్టి ఉన్నాయి. ఏమిటంటే, మబ్బు కమ్మి హెలికాప్టర్ రాలేకపోతే రాత్రికి కావలసిన గుడారాలు, పడక సంచులు, తిండి. అది చూశాక మా అమ్మాయికి టెన్షన్ మొదలైంది, మా మనవడికి మాత్రం ఆశ మొదలైంది, ఉండిపోతే బాగుణ్ణని. పులిహోర ఉందిగా అన్నాడు. పైకి తెచ్చుకోనిచ్చారు, తిన్నాం. గైడుకి కూడా పెట్టాను. మిరపకాయ పక్కన పెట్టి తిన్నది.

ఇక మీలో వెళ్ళదలచుకున్నవాళ్ళకి నాలుగు ముక్కలు చెప్పి ముగిస్తాను. మేం వెళ్ళినప్పుడు టికెట్ ఒక్కొక్కరికి ఏడెనిమిది వందల న్యూజిలాండ్ డాలర్లు ఉండేది, మన లెక్కలో నలభై వేల దరిదాపుల్లో. కాబట్టి ఊళ్ళో ఒక్క రాత్రి పెట్టుకుని వెళ్ళకండి. కనీసం రెండు, కుదిరితే మూడు రాత్రులు ఉంచుకోండి. టికెట్ మొదటి రోజుకే తీసుకోండి, రద్దయితే తర్వాతి రోజులు చేతిలో ఉంటాయి. ఆఖరి రోజుకి తీసుకున్నవాళ్ళే కౌంటరు దగ్గర గొడవ పడతారు. ట్రావెల్ ఇన్సూరెన్స్‌లో హెలికాప్టర్, హిమానీనదం రెండూ ఉన్నాయో లేదో కాగితం చదవండి, ఏజెంటు మాట కాదు. మోకాళ్ళ నొప్పులుంటే, మెట్లు ఎక్కడం కన్నా దిగడం కష్టమని ముందే తెలుసుకోండి. ఆ మెట్లు మన ఇంటి మెట్లంత ఉండవు, ఒక్కోటి మోకాలెత్తు ఉంటుంది. ఎత్తు వల్ల వచ్చే ఆయాసం మాత్రం ఉండదు, అదొక్కటీ హిమాలయాల కన్నా సుఖం. పిల్లలకి కనీస వయసు ఉంటుంది, బుక్ చేసేముందు చూసుకోండి. రద్దయిన రోజు ఏం చేయాలని అడుగుతారా? అడవిలో నడవండి, ఆ చర్చి కిటికీ చూడండి. లోయలో కొంత దూరం దాకా అందరికీ దారి ఉంది, టికెట్ అక్కర్లేదు, దూరం నుంచి ఐసు కనిపిస్తుంది.

ఆ, మూడో వరసలో అమ్మాయి ఇందాకటి నుంచి చెయ్యెత్తి ఉంది. అడుగమ్మా. మైకు ఇవ్వండి బాబూ ఆ అమ్మాయికి.